పీహెచ్‌పీలో ఫంక్షన్‌ను నేరుగా పిలవాలా, పేరు ద్వారా పిలవాలా? పాత బిల్లింగ్ ప్రోగ్రామ్‌ను సరిదిద్దే ముందు సలహా కావాలి

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణాల కోసం చాలా ఏళ్ల కిందట పీహెచ్‌పీలో (వెబ్ ప్రోగ్రాములు రాసే భాష) రాసిన బిల్లింగ్ ప్రోగ్రామ్ ఒకటి ఈ ఏడాది నా బాధ్యతలోకి వచ్చింది. దాన్ని మొదట రాసినవారు ఇప్పుడు సంస్థలో లేరు, రాతపూర్వకమైన వివరణ కూడా ఏమీ మిగల్లేదు. ప్రోగ్రామ్ ప్రస్తుతం పీహెచ్‌పీ 8.2 మీద నడుస్తోంది. (ఫంక్షన్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. అసలు కోడ్‌లో అవి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నాయి.)

ఇందులో రోజువారీ అమ్మకాలు, గోదాములో నిల్వ, రైతుల బకాయిలు, కంపెనీల వారీ కొనుగోళ్లు వంటి నివేదికలు 43 ఉన్నాయి. ఒక్కో నివేదికకు ఒక్కో ఫంక్షన్ (పేరు పెట్టి పిలవగల కోడ్ ముక్క) రాశారు గానీ, వాటిలో ఒక్కదాన్ని కూడా ఎక్కడా పేరు పెట్టి నేరుగా పిలవలేదు. యూఆర్‌ఎల్‌లో ‘టైప్’ అనే పారామీటర్‌గా వచ్చిన మాటకు ముందు ‘రిపోర్ట్_’ అని చేర్చి, ఆ స్ట్రింగ్‌ను (అక్షరాల వరుసను) ఒక వేరియబుల్‌లో పెట్టి, ఆ వేరియబుల్ పక్కన బ్రాకెట్లు పెట్టి పిలుస్తున్నారు. అంటే ‘స్టాక్’ అని వస్తే ‘రిపోర్ట్_స్టాక్’ నడుస్తుంది. పిలిచే ముందు, ఆ పేరుతో ఫంక్షన్ ఉందో లేదో ‘ఫంక్షన్_ఎగ్జిస్ట్స్’తో చూసే పరీక్ష మాత్రం ఉంది.

ఫిబ్రవరిలో వాడకంలో లేని కోడ్‌ను తీసేద్దామని, ఈ ఫంక్షన్లన్నింటినీ మెనూలోని లింకులతో పోల్చి చూశాను. మూడింటికి ఎక్కడా లింకు కనిపించలేదు, ఎడిటర్‌లో వెతికినా ఆ పేర్లు నిర్వచనం దగ్గర తప్ప మరెక్కడా లేవు. అందువల్ల ఆ మూడింటినీ తొలగించాను. వాటిలో ఒకటి, మూడు నెలలకొకసారి జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్ను) దాఖలు చేసే వ్యాపారుల కోసం త్రైమాసిక మొత్తాలను తయారుచేసే ఫంక్షన్. దాని లింకు మెనూలో కాక డేటాబేస్‌లోని సెట్టింగుల టేబుల్ నుంచి వస్తుందని నాకు ఏప్రిల్ రెండో వారంలో, 13వ తేదీ గడువు ముందుపెట్టుకుని దుకాణాల వాళ్లు వరుసగా ఫోన్లు చేసినప్పుడు గానీ తెలియలేదు. బ్యాకప్ నుంచి ఫంక్షన్‌ను తిరిగి పెట్టాను, దాఖలు ఆగలేదు. కానీ ఈ పద్ధతి మీద నాకు నమ్మకం పోయింది.

ఇంకొక చోట కూడా ఇలాంటిదే ఉంది. ఎగుమతి పేజీలో ఒక్కో నిలువు వరుసను ఏ రూపంలో చూపాలో ఫారమ్ నుంచే ఫంక్షన్ పేరుగా వస్తుంది. పెద్దక్షరాలు చేసే ఫంక్షన్, అంకెలకు కామాలు పెట్టే ఫంక్షన్ వంటివి. ఇక్కడ ముందు చేర్చే మాట ఏదీ లేదు, సర్వర్ మీద ఆదేశాలు నడిపే ‘సిస్టమ్’, ‘ఎగ్జెక్’ వంటి ఆరు పేర్లను మాత్రం నిషేధ జాబితాలో పెట్టారు.

43 పిలుపులనూ నేరుగా రాసుకోవడం సరైనదా, లేక పేరు ద్వారా పిలవడాన్నే కొన్ని జాగ్రత్తలతో కొనసాగించవచ్చా? పేరు ద్వారా పిలిస్తే ప్రోగ్రామ్ నెమ్మదిస్తుందని ఒక సహోద్యోగి అంటున్నారు, అది కూడా తెలుసుకోవాలని ఉంది.

జవాబు 1

మీ ప్రశ్నలో చివరగా చెప్పిన ఎగుమతి పేజీతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది రేపటికి వాయిదా వేయదగిన విషయం కాదు. దయచేసి ఈ రోజే ఆ పేజీని ఆపివేయండి, లేదా ఫారమ్ నుంచి వచ్చే పేరును పక్కనపెట్టి ఏదో ఒక స్థిరమైన రూపాన్ని వాడేలా మార్చండి.

కారణం ఇది. పీహెచ్‌పీలో ఫంక్షన్ల పేర్లకు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు. నిషేధ జాబితాతో పోల్చేటప్పుడు మాత్రం మామూలు స్ట్రింగ్ పోలిక ఆ తేడాను చూస్తుంది. కాబట్టి ‘సిస్టమ్’ మొదటి అక్షరాన్ని పెద్దదిగా రాసి పంపితే మీ జాబితా దాన్ని గుర్తించదు, పీహెచ్‌పీ మాత్రం గుర్తించి నడుపుతుంది. పేరుకు ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టినా ఇదే జరుగుతుంది. ఇవి రెండూ మూసినా, ‘పాస్‌త్రూ’, ‘షెల్_ఎగ్జెక్’, ‘ప్రాక్_ఓపెన్’ అంటూ బయట ఆదేశాలను నడిపే ఫంక్షన్లు ఇంకా ఉన్నాయి, మీరు చేర్చే ప్రతి ఎక్స్‌టెన్షన్‌తో (పీహెచ్‌పీకి అదనపు భాగంతో) ఫంక్షన్ల పట్టిక పెరుగుతూనే ఉంటుంది. పైగా ఆ ఫంక్షన్‌కు మీరు అందించేది నిలువు వరుసలోని విలువ, అంటే కొనుగోలుదారు పేరో చిరునామానో. దుకాణంలో కొత్త ఖాతాదారు పేరు నమోదు చేయగలిగిన ఎవరైనా, ఆ పేరు స్థానంలో ఒక ఆదేశం రాసి, ఎగుమతి పేజీ ద్వారా దాన్ని మీ సర్వర్ మీద నడిపించగలరు.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2018 డిసెంబర్‌లో థింక్‌పీహెచ్‌పీ అనే ఫ్రేమ్‌వర్క్ అయిదో వెర్షన్‌లో బయటపడిన లోపం సరిగ్గా ఈ జాతికి చెందినదే. యూఆర్‌ఎల్‌లో వచ్చిన కంట్రోలర్ (అభ్యర్థనను అందుకునే క్లాసు) పేరును సరిగా తనిఖీ చేయకపోవడం వల్ల ఫ్రేమ్‌వర్క్ లోపలి క్లాసు దాకా చేరి, అక్కడ ‘కాల్_యూజర్_ఫంక్_అర్రే’ అనే ఫంక్షన్‌ను పేరుతో పిలిపించి, దాని ద్వారా తమకు కావలసిన ఏ ఫంక్షన్‌నైనా నడిపించుకునే వీలు బయటివాళ్లకు దొరికింది. ఫ్రేమ్‌వర్క్‌ను రాసినవాళ్లకు అనుభవం లేక జరిగింది కాదిది. పేరును పట్టుకుని ఫంక్షన్‌ను వెతికే చోట, ఆ పేరు ఎవరిదన్న ప్రశ్న ఒక్క దారిలో తప్పిపోయింది, అంతే.

ఇక మీ అసలు ప్రశ్న. నేరుగా పిలిచినప్పుడు ఏ ఫంక్షన్ నడవాలో కోడ్ రాసినవారు నిర్ణయిస్తారు, ఆ నిర్ణయం ఫైలులో కంటికి కనిపిస్తుంది. పేరు ద్వారా పిలిచినప్పుడు ఆ నిర్ణయం ప్రోగ్రామ్ నడిచే సమయానికి వాయిదా పడుతుంది, దాన్ని చేసేది స్ట్రింగ్‌ను పంపినవారు. మీ మూడు ఫంక్షన్ల తొలగింపులో తప్పు జరగడానికి మూలం ఇదే. ‘రిపోర్ట్_’ అనే ముక్క ఒక చోట, మిగతా ముక్క డేటాబేస్‌లో ఉంటే ఏ ఎడిటర్ కూడా ఆ రెండింటినీ కలిపి చదవలేదు. ఇక్కడ మీ నిర్లక్ష్యం ఏమీ లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఫంక్షన్‌ను నేరుగా పిలిచినంత మాత్రాన, లేని ఫంక్షన్ గురించి పీహెచ్‌పీ ముందుగా హెచ్చరించదు. నేరుగా రాసిన పిలుపు కూడా ఆ వాక్యం నడిచినప్పుడే విఫలమవుతుంది. లాభం దక్కేది పీహెచ్‌పీఎస్టాన్, సామ్ వంటి తనిఖీ సాధనాలను మీరు వాడినప్పుడు. నేరుగా రాసిన పేరును అవి చదవగలవు, ఆ పేరుతో ఫంక్షన్ ఉన్నదా, ఎన్ని ఆర్గ్యుమెంట్లు (ఫంక్షన్‌కు అందించే విలువలు) కావాలి, ఏ రకానివి కావాలి అన్నది ప్రోగ్రామ్ నడవకముందే చెప్పగలవు. యూఆర్‌ఎల్ నుంచి వచ్చే ముక్కతో కుట్టిన స్ట్రింగ్‌లో అవి చదవడానికి ఏమీ ఉండదు.

ఇంకొక మాట. ‘రిపోర్ట్_’ అని ముందు చేర్చడం వల్ల ‘సిస్టమ్’ వంటివి పిలవడం సాధ్యం కాదన్నది నిజమే. అయితే అదే మాటతో మొదలయ్యే మీ సొంత ఫంక్షన్లన్నీ, నివేదికలు కానివి కూడా, యూఆర్‌ఎల్ నుంచి అందుబాటులో ఉన్నట్టే. ‘గెట్_డిఫైన్డ్_ఫంక్షన్స్’తో మీరు నిర్వచించిన ఫంక్షన్ల జాబితా తీసి, ఆ మాటతో మొదలయ్యేవన్నీ ఒకసారి చదవండి.

ప్రశ్న అడిగినవారు

ఎగుమతి పేజీని నిన్న మధ్యాహ్నమే ఆపివేశాను. వివరంగా చెప్పినందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

మీరు చెప్పినట్టే జాబితా తీసి చూస్తే, ఆ మాటతో మొదలయ్యే ఫంక్షన్లు 43 కాదు, 51 ఉన్నాయి. అదనపు ఎనిమిదింటిలో ఏడు చిన్న సహాయక ఫంక్షన్లు. ఎనిమిదవది ‘రిపోర్ట్_క్లియర్_ఓల్డ్’. అది నివేదికల కోసం ముందే లెక్కగట్టి దాచిన మొత్తాలను టేబుల్ నుంచి తుడిచేస్తుంది. దుకాణంలో గుమాస్తాగా లాగిన్ అయిన ఎవరైనా యూఆర్‌ఎల్‌లో ఒక్క మాట మార్చి దాన్ని నడపగలిగేవారు. ఎవరూ నడపలేదని లాగ్‌లు చూసి నిర్ధారించుకున్నాను.

ఇప్పుడు 43 పిలుపులను ఎలా రాయాలో తేల్చుకోలేకపోతున్నాను. వచ్చిన మాటను బట్టి ఒక్కో పిలుపును ఎంచుకునే పొడవైన ‘మ్యాచ్’ ఒకటి రాయాలా, లేక అర్రేలో (విలువల పట్టికలో) పెట్టుకోవాలా?

జవాబు 2

నేను ఇలాంటి మార్పును రెండు ప్రోగ్రాముల్లో చేశాను, కాబట్టి అనుభవంతో చెబుతున్నాను. మొదట ‘మ్యాచ్’ రాయండి. 43 వరుసలు చూడటానికి విసుగ్గా ఉండవచ్చు గానీ, ఆ విసుగులోనే మీకు కావలసిన భద్రత ఉంది. పీహెచ్‌పీ 8.0తో 2020 నవంబర్‌లో వచ్చిన ‘మ్యాచ్’ విలువలను రకంతో సహా కచ్చితంగా పోలుస్తుంది, ఏ వరుసకూ సరిపడని విలువ వస్తే మౌనంగా దాటిపోకుండా ఎర్రర్ ఇస్తుంది. ఎడమవైపు యూఆర్‌ఎల్‌లో వచ్చే మాట, కుడివైపు నేరుగా రాసిన పిలుపు. ఎడమవైపు మాటకూ కుడివైపు ఫంక్షన్ పేరుకూ పోలిక ఉండాల్సిన అవసరమే ఇక ఉండదు. రేపు మీరు ఫంక్షన్ పేరు మార్చినా, దుకాణాల వాళ్లు దాచుకున్న పాత లింకులు పనిచేస్తూనే ఉంటాయి.

అర్రే పద్ధతి కూడా మంచిదే. 2021 నవంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 8.1 నుంచి ఫంక్షన్ పేరు రాసి బ్రాకెట్లలో మూడు చుక్కలు పెడితే, ఆ ఫంక్షన్ నడవదు, దాన్ని పట్టుకున్న క్లోజర్ (తర్వాత పిలవగల ఫంక్షన్ వస్తువు) ఒకటి చేతికి వస్తుంది. అర్రేలో ఒక్కో మాటకు ఎదురుగా ఒక్కో క్లోజర్ పెట్టుకుంటే అది స్ట్రింగ్ కాదు, ఎడిటర్‌కూ తనిఖీ సాధనాలకూ కనిపించే అసలైన ఫంక్షన్ ప్రస్తావన. ఇందులో ఒక విశేషం ఉంది. మూడు చుక్కలు రాసిన ఆ క్షణంలోనే పీహెచ్‌పీ ఫంక్షన్‌ను వెతుకుతుంది, లేకపోతే అక్కడే ఎర్రర్ వస్తుంది. అంటే మీరు ఫిబ్రవరిలో తొలగించిన ఫంక్షన్ ఇలాంటి అర్రేలో ఉండి ఉంటే, ఏప్రిల్ దాకా ఆగనవసరం లేకుండా ఫిబ్రవరిలోనే, తెరిచిన మొదటి నివేదికతోనే తప్పు బయటపడేది.

అయితే ఆ లాభం వెనుకే ఒక ఖర్చు ఉంది. ఆ అర్రే తయారు కావాలంటే 43 ఫంక్షన్లూ అప్పటికే లోడ్ అయి ఉండాలి. పీహెచ్‌పీలో ఆటోలోడ్ (అవసరమైనప్పుడు ఫైలు దానంతటదే చేరడం) అన్నది క్లాసులకే గానీ ఫంక్షన్లకు లేదు. కాబట్టి ఒక్క నివేదిక చూపడానికి అన్ని ఫైళ్లనూ చేర్చుకోవాల్సి వస్తుంది. ‘మ్యాచ్’లో ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే సరిపోయిన వరుస ఒక్కటే నడుస్తుంది.

మీకు సమయం ఉంటే నేను చివరికి స్థిరపడిన పద్ధతి ఇది. ప్రతి నివేదికనూ ఒక చిన్న క్లాసుగా మార్చి, అన్నిటికీ ఒకే ఇంటర్‌ఫేస్ (అన్నీ పాటించాల్సిన పిలుపుల రూపం) పెట్టి, అర్రేలో క్లాసు పేరును ‘::క్లాస్’ రూపంలో రాశాను. అది చివరికి స్ట్రింగే అవుతుంది గానీ, ఎవరో కోట్స్ మధ్య చేత్తో రాసిన స్ట్రింగ్ కాదు. కోడ్‌ను కంపైల్ చేసేటప్పుడే నేమ్‌స్పేస్‌తో (పేరు ముందు చేరే గుంపు పేరుతో) సహా పూర్తి పేరుగా మారుతుంది, క్లాసు అసలు లేకపోతే తనిఖీ సాధనం చెబుతుంది, ఎడిటర్‌లో పేరు మారిస్తే అక్కడ కూడా మారుతుంది, అవసరమైన క్లాసు ఒక్కటే ఆటోలోడ్ అవుతుంది. 43 నివేదికలను ఒకేసారి మార్చవలసిన పని లేదు, ‘మ్యాచ్’ నుంచి ఒక్కొక్కటిగా జరుపుకోవచ్చు.

వేగం గురించి మీ సహోద్యోగి చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. నేరుగా రాసిన పిలుపులో, వెతికి పట్టుకున్న ఫంక్షన్‌ను పీహెచ్‌పీ ఆ పిలుపు దగ్గరే గుర్తుపెట్టుకుంటుంది. వేరియబుల్‌లోని స్ట్రింగ్‌తో పిలిస్తే ప్రతిసారీ ఆ స్ట్రింగ్‌ను చిన్నక్షరాల్లోకి మార్చి ఫంక్షన్ల పట్టికలో వెతకాలి. స్ట్రింగ్ పొడవు చెప్పే ‘స్ట్ర్‌లెన్’ వంటి కొన్ని ఫంక్షన్లను నేరుగా పిలిస్తే అసలు పిలుపే లేకుండా ఒక ఆప్‌కోడ్‌గా (పీహెచ్‌పీ లోపలి ఒక్క ఆదేశంగా) మారుస్తుంది, పేరు ద్వారా పిలిస్తే ఆ సౌకర్యం పోతుంది. లక్షల సార్లు తిరిగే లూపులో ఇది లెక్కలోకి వస్తుంది. మీ నివేదిక పేజీలో పేరుతో పిలవడం ఒక్కసారే జరుగుతుంది, తర్వాత సమయమంతా డేటాబేస్ దగ్గర గడుస్తుంది. వేగం కోసం ఈ మార్పు చేయకండి.

జవాబు 3

పై ఇద్దరూ చెప్పిన ప్రతి మాటనూ గౌరవిస్తూనే, స్ట్రింగ్ పేరు అనేదే తప్పు అన్న అభిప్రాయంతో ఈ చర్చ చదివేవాళ్లు వెళ్లిపోకూడదని రాస్తున్నాను. నేను వర్డ్‌ప్రెస్‌కు (పీహెచ్‌పీలో రాసిన వెబ్‌సైట్ల వ్యవస్థ) ప్లగిన్లు, అంటే అదనపు భాగాలు, రాస్తాను, అక్కడ పేరు ద్వారా పిలవడం లేకపోతే ఆ వ్యవస్థే లేదు.

‘యాడ్_యాక్షన్’ అని రాసి, ఒక హుక్ (ఇతరుల ఫంక్షన్లను తగిలించగల చోటు) పేరూ, ఒక ఫంక్షన్ పేరూ స్ట్రింగులుగా ఇస్తాం. ఆ వరుస నడిచే సమయానికి ఆ ఫంక్షన్ ఇంకా నిర్వచించి ఉండనవసరం లేదు, హుక్ నడిచే సమయానికి ఉంటే చాలు. అంతకంటే ముఖ్యంగా, నేను చేర్చిన ఫంక్షన్‌ను నాతో పరిచయం లేని మరొక ప్లగిన్ రచయిత అదే పేరు ఇచ్చి ‘రిమూవ్_యాక్షన్’తో తొలగించగలరు. పేరు ఇక్కడ ఇద్దరికీ తెలిసిన గుర్తు. అదే స్థానంలో నేను అనామక క్లోజర్ ఇస్తే, ఆ వస్తువు చేతిలో లేనివారు దాన్ని తొలగించలేరు. మూడు చుక్కల రూపం కూడా ఈ సమస్యను తీర్చదు. ఒకే ఫంక్షన్‌ను రెండు చోట్ల మూడు చుక్కలతో రాస్తే రెండు వేర్వేరు క్లోజర్ వస్తువులు పుడతాయి, వర్డ్‌ప్రెస్ వాటిని వస్తువు గుర్తింపు ద్వారా పోల్చుతుంది కాబట్టి తొలగింపు జరగదు. కొత్త రూపం శుభ్రంగా ఉందని పాత ప్లగిన్‌లో అన్ని చోట్లా మార్చేసి, తర్వాత ‘రిమూవ్_యాక్షన్’ ఎందుకు పనిచేయడం లేదో తెలియక రెండు రోజులు వెతికిన సందర్భం నాకే ఎదురైంది.

రెండో కారణం నిల్వ. క్లోజర్‌ను సీరియలైజ్ చేయడానికి (నిల్వ చేయదగిన రాతగా మార్చడానికి) పీహెచ్‌పీ ఒప్పుకోదు, ఎక్సెప్షన్ ఇస్తుంది. రేపు తెల్లవారుజామున నడవాల్సిన పనిని ఈ రోజు డేటాబేస్‌లో రాసి పెట్టాలంటే పేరు తప్ప వేరే దారి లేదు. వర్డ్‌ప్రెస్‌లో షెడ్యూల్ చేసిన పనులు ఆప్షన్స్ టేబుల్‌లో హుక్ పేర్లుగానే ఉంటాయి.

బయటి నుంచి వచ్చే పేరు విషయంలో మాత్రం వర్డ్‌ప్రెస్ చేసిన ఏర్పాటు గమనించదగినది. అజాక్స్ అభ్యర్థనలో (పేజీని మళ్లీ తెరవకుండా సర్వర్‌కు పంపేది) ‘యాక్షన్’ అనే పారామీటర్‌గా వచ్చిన మాటను ఫంక్షన్ పేరుగా వాడదు. దాని ముందు ‘డబ్ల్యూపీ_అజాక్స్_’ అని చేర్చి, అది హుక్ పేరుగా ఎవరైనా నమోదు చేసి ఉంటేనే, ఆ నమోదైన ఫంక్షన్లను నడుపుతుంది. లాగిన్ కానివారి కోసం వేరే ముందుమాట ఉంటుంది. మీ ప్రోగ్రామ్‌లో కూడా ముందుమాట ఉంది, ఇక్కడా ఉంది, తేడా వెతికే చోటులో ఉంది. మీది పీహెచ్‌పీకి తెలిసిన ఫంక్షన్లన్నింటి పట్టికలో వెతుకుతోంది, వర్డ్‌ప్రెస్ తాను స్వయంగా నిర్వహించే చిన్న పట్టికలో వెతుకుతోంది. ‘రిపోర్ట్_క్లియర్_ఓల్డ్’ను ఎవరూ ఆ చిన్న పట్టికలో నమోదు చేయరు, కాబట్టి అది బయటికి కనిపించదు. అయినా నమోదైన ప్రతి ఫంక్షనూ, పిలిచినవారికి ఆ పని చేసే హక్కు ఉందో లేదో తన లోపల విడిగా చూసుకోవాల్సిందే. ఆ తనిఖీ మరిచిపోయిన ప్లగిన్లలో లోపాలు ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి.

జవాబు 1

మొదటి జవాబు రాసినవాణ్నే మళ్లీ రాస్తున్నాను. పై మిత్రులతో నాకు విభేదం లేదు. పేరు ప్రోగ్రామ్ హద్దు దాటి డేటాబేస్‌లోకో మరొకరి కోడ్‌లోకో వెళ్లవలసినప్పుడు అది స్ట్రింగ్‌గానే ఉండాలి. తిరిగి లోపలికి వచ్చేటప్పుడు మన పట్టికలో ఉన్న పేరేనా అని చూసి గానీ దాన్ని ఫంక్షన్‌గా మార్చకూడదు. అక్కడ పట్టు వదలకూడదు.

స్ట్రింగులతో కొనసాగేవారికి రెండు జాగ్రత్తలు చెప్పాలి. స్ట్రింగ్‌లో రాసిన పేరుకు ఫైలు మొదట్లో మీరు ప్రకటించిన నేమ్‌స్పేస్ గానీ, ‘యూజ్’ వాక్యాలు గానీ వర్తించవు. నేరుగా పిలిస్తే చక్కగా పనిచేసే పేరు, కోట్స్‌లో పెట్టగానే దొరకకుండా పోతుంది, పూర్తి పేరు రాయాలి. రెండోది, ‘కాల్_యూజర్_ఫంక్’ ద్వారా పిలిస్తే ఆర్గ్యుమెంట్లు రిఫరెన్స్‌గా (ఫంక్షన్ చేసే మార్పు అసలు వేరియబుల్‌కు చేరేలా) వెళ్లవు. వేరియబుల్ పక్కన బ్రాకెట్లు పెట్టి పిలిస్తే వెళ్తాయి. పాత కోడ్‌లో ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టేముందు, ఆ ఫంక్షన్లలో ఏదైనా తనకు వచ్చిన అర్రేను అక్కడికక్కడే మారుస్తోందేమో చూసుకోండి.

పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్న రోజుల్లో ‘యూజ్ స్ట్రిక్ట్’ అని ఫైలు మొదట రాయగానే, స్ట్రింగ్‌ను ఫంక్షన్‌గా వాడుకోబోతే అది తిరస్కరించడం చూసి చిరాకు పడేవాణ్ని. అక్కడ కూడా అవసరమైతే దారి ఉంది, కానీ ఇది కావాలనే చేస్తున్నానని రాసినవారు కోడ్‌లో వేరే రూపంలో చెప్పాలి. అలా చెప్పించడం పీహెచ్‌పీలో లేదు, కాబట్టి ఆ అలవాటును మనమే తెచ్చుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

మూడు వారాల తర్వాత తిరిగి రాస్తున్నాను. ఇదే ఇబ్బందిలో ఉన్నవారికి పనికొస్తుందేమోనని జరిగినది చెబుతాను.

మొదటి వారం కోడ్ మార్చలేదు. పాత పిలుపు ఉన్న ఒక్క చోట లాగ్ రాసే వాక్యం చేర్చి, ఏయే మాటలు వస్తున్నాయో చూశాను, దాంతోపాటు ప్రతి దుకాణం డేటాబేస్‌లోని సెట్టింగుల టేబుల్ నుంచి మాటలన్నీ రాసుకున్నాను. లాగ్‌లో కనిపించనంత మాత్రాన వాడకంలో లేదని ఈసారి అనుకోలేదు. సంవత్సరానికి ఒక్కసారే తీసే నివేదికలు కూడా ఉన్నాయి కాబట్టి 43నూ ఉంచాను.

తర్వాత ‘మ్యాచ్’ రాసి, ప్రతి వరుసలో ఫంక్షన్‌ను నేరుగా పిలిచాను. సెట్టింగుల టేబుల్‌లో పాత మాటలు అలాగే ఉన్నాయి, వాటిని మార్చాల్సిన పని రాలేదు. ఎగుమతి పేజీలో నాలుగు రూపాలే నిజంగా వాడుతున్నారు. వాటికి నాలుగు మాటలు పెట్టి, అవి కానిది ఏది వచ్చినా ఎగుమతిని తిరస్కరించేలా రాశాను. ‘రిపోర్ట్_క్లియర్_ఓల్డ్’ను నివేదికల ఫైలు నుంచి తీసి, నిర్వాహకులు మాత్రమే తెరవగల పేజీలోకి మార్చాను.

అసలు చెప్పాలనుకున్నది ఇది. పాత పద్ధతిలో ప్రతి నివేదికకూ మొదటి తేదీ, చివరి తేదీ అని రెండు ఆర్గ్యుమెంట్లు పంపేవారు. నేరుగా రాసిన తర్వాత పీహెచ్‌పీఎస్టాన్‌ను నడిపితే, మూడు ఫంక్షన్లు ఒక్క ఆర్గ్యుమెంటే తీసుకుంటాయని, నేను రెండు పంపుతున్నానని చెప్పింది. మనం రాసుకున్న ఫంక్షన్‌కు అదనంగా ఆర్గ్యుమెంటు పంపితే పీహెచ్‌పీ ఏ హెచ్చరికా లేకుండా దాన్ని వదిలేస్తుంది కాబట్టి ఇన్నేళ్లుగా ఎవరికీ తెలియలేదు. వాటిలో రెండు నిల్వకు సంబంధించినవి, వాటికి చివరి తేదీ అవసరం లేదు. మూడోది రైతుల బకాయిల నివేదిక. అది మొదటి తేదీ నుంచి ఈ రోజు దాకా ఉన్న బకాయిలన్నీ కూడి చూపుతోంది, చివరి తేదీని అసలు చదవడమే లేదు. మార్చి 31 నాటి బకాయిల జాబితా మే నెలలో తీసిన దుకాణాల్లో ఏప్రిల్ అమ్మకాలు కూడా అందులో కలిసిపోయాయి.

ఆ ఫంక్షన్‌ను సరిదిద్ది, జాబితాను మళ్లీ తీసి పాతదానితో పోల్చుకోమని, రైతులతో లెక్క చూసుకునే ముందు కొత్తదాన్నే వాడమని దుకాణాలన్నింటికీ నిన్న ఉత్తరం పంపాను. ఇప్పటిదాకా రెండు దుకాణాల నుంచి, తేడా కనిపించింది, సరిచేసుకుంటున్నాం అని జవాబు వచ్చింది. మిగతావారికి ఈ రోజు ఫోన్ చేస్తున్నాను.